లైబ్రరీ ట్రాలీ, నేను కొన్న కొత్త మిషను

కంప్యూటర్ స్లో అయిందని ఎవరైనా వస్తే నేను ముందు ఆ మనిషిని అనుమానించేవాణ్ణి. తర్వాత వైరస్‌ని. ఆ తర్వాత మిషను వయసుని. నన్ను నేను అనుమానించుకునే అలవాటు మాత్రం రిటైర్మెంటు దగ్గర పడేదాకా రాలేదు. ఎలా వచ్చిందో చెప్తాను. ల్యాబుల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు ఇది చదివితే నా తప్పు వాళ్లు చెయ్యకుండా ఉంటారని ఒక ఆశ. గ్యారంటీ ఏమీ లేదు. తెలివైనవాళ్లం అనుకునేవాళ్లే ఈ తప్పు చేస్తారు.

మాది కోస్తా వైపు. నాన్న మిషన్ స్కూల్లో టీచరు. నేను పెళ్లికి ముందే ఈ క్యాంపస్‌లో ఉద్యోగానికొచ్చి, తార్నాకలో అద్దె గదిలో దిగి, చివరికి ఆ తార్నాకలోనే ఒక ఫ్లాటు యజమానిగా రిటైరయ్యాను. ఉద్యోగం పేరు సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్. ఎలుక కొరికిన కేబుల్ మొదలుకొని ప్రొఫెసరుగారు మర్చిపోయిన పాస్‌వర్డ్ దాకా అన్నీ నా నెత్తినే. ఎవరి పేర్లూ రాయను. అందరూ బతికే ఉన్నారు, అందరూ తార్నాక కూరగాయల మార్కెట్లో ఎదురుపడతారు.

ఆ ఏడాది మా డిపార్ట్‌మెంటుకి కొత్త కంప్యూటర్ ఒకటి కొనుక్కోమని అనుమతి వచ్చింది. రీసెర్చి స్కాలర్లందరూ పెద్ద పెద్ద లెక్కలకి వాడుకునే మిషను. ఏది కొనాలో నోట్ రాయమని నాకే అప్పజెప్పారు. నా ఆనందం చూడాలి. వారం రోజులు కూర్చుని, మార్కెట్లోకి అప్పుడే వచ్చిన ప్రాసెసర్ ఏదో తేల్చి, దాన్ని పొగుడుతూ రెండు పేజీలు రాశాను. పర్చేజ్ కమిటీలో ఎవరికైనా అర్థమయ్యేది ప్రాసెసర్ పేరొక్కటే. మెమరీ ఎంత, డిస్కు ఏ రకం అని ఎవరూ అడగరు. అడగరని తెలుసు కాబట్టి ఆ రెండు గళ్లలో "కంపెనీ ఇచ్చే మామూలుది" అని రాసేశాను. అంటే ఎనిమిది జీబీ మెమరీ, చక్రం తిరిగే పాత రకం హార్డ్ డిస్కు. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారు చూడండి, అలాంటి మిషను నా సంతకంతో వచ్చి ల్యాబ్‌లో కూర్చుంది. నేను దానికి కొబ్బరికాయ ఒక్కటే కొట్టలేదు. మా ఇంట్లో అలవాటు లేదు గనక ప్రార్థన చేశాను.

దాని మీద మొదట పని మొదలెట్టింది ఒక రీసెర్చి స్కాలరమ్మాయి. ఈ కథంతా ఆమెదే. తెలంగాణ పల్లె నుంచి వచ్చిన పిల్ల. ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి. ఫెలోషిప్ అయిపోయి ఏడాదైంది. పొద్దున తార్నాకలో ఒక కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పి, అక్కణ్ణుంచి నడిచి క్యాంపస్‌కి వచ్చేది. హైదరాబాద్ చుట్టుపక్కల చెరువులు ముప్పై ఎనిమిదేళ్లలో ఏ ఏడు ఎంత చిక్కిపోయాయి, ఎక్కడ నీళ్లు పోయి ఇళ్లు వచ్చాయి అని ఉపగ్రహం ఫొటోల్లోంచి లెక్క తీస్తోంది. ఏడాదికి రెండు ఫొటోలు, వానలకి ముందు ఒకటి, వానల తర్వాత ఒకటి. మొత్తం డెబ్బై ఆరు. ఆ లెక్క వస్తేనే చివరి చాప్టరు. చివరి చాప్టరు ఉంటేనే థీసిస్. గడువు ఒకసారి పొడిగించారు, మళ్లీ పొడిగించరు. థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు, ఆరేళ్ల కష్టం బూడిద పాలు.

కొత్త మిషను వచ్చేనాటికి ఆమె చేతిలో పదహారు రోజులున్నాయి.

"ఈ మిషన్ మీద ఎన్ని రోజులు పడ్తది సార్?" అని అడిగింది.

"రోజులా? రేపు ఈ పాటికి మ్యాపు చూసుకుంటూ టీ తాగుతావు" అన్నాను. మాట అంత తేలిగ్గా జారింది.

మర్నాటికి నూటికి రెండు వంతులు కూడా కాలేదు. ఆ మర్నాటికి ఐదు. ఐదో రోజుకి అర్థమైంది, ఈ లెక్క తేలడానికి నెల దాటిపోతుంది. పాత మిషను మీద కూడా ఇంచుమించు అంతే పట్టేది. మధ్యలో నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. తెర మీద చూస్తే ప్రాసెసర్ నూటికి నాలుగు వంతులు కూడా పనిచేయట్లేదు. ఇంత గొప్ప ప్రాసెసర్‌ని ఊరికే కూర్చోబెట్టింది ఈ పిల్ల ప్రోగ్రామేనని తేల్చేశాను. డిస్కు లైటు మాత్రం ఆరకుండా వెలుగుతోంది. దాన్ని చూసి, మిషను ఎంత శ్రద్ధగా ఉందో అని మురిసిపోయాను.

"నీ ప్రోగ్రాం బాగాలేదమ్మా. మంచి గుర్రాన్ని ఇస్తే ఎడ్లబండికి కట్టావు" అని ల్యాబ్‌లో పదిమంది ముందు అన్నాను.

ఆమె బ్యాగు సర్దుకుని బయటికి వెళ్లిపోయింది. ఆ మాట ఇప్పటికీ గొంతులో ముల్లులా ఉంది నాకు.

ఆ మర్నాడు లైబ్రరీ నుంచి ఫోను. పుస్తకాల జాబితా ఉండే కంప్యూటర్ తెరుచుకోవట్లేదట, వచ్చి చూడమన్నారు. వెళ్లాను. అది పెద్ద పనేం కాదు, కేబుల్ ఊడింది. పెట్టేసి, కౌంటర్ దగ్గర స్టూలు మీద కాసేపు చతికిలబడ్డాను.

మా లైబ్రరీలో పాత పుస్తకాలూ, థీసిస్‌లూ మూడో అంతస్తులో ఉంటాయి. చదివేవాళ్లు అక్కడికి వెళ్లకూడదు. స్లిప్ రాసి కౌంటర్లో ఇస్తే అటెండర్ పైకెళ్లి తెచ్చిపెడుతుంది. ఆ అటెండర్ లాలాపేట నుంచి రోజూ బస్సులో వచ్చే మనిషి. నాకంటే నాలుగైదేళ్లు చిన్న. భర్త పోతే ఆయన స్థానంలో ఉద్యోగం ఇచ్చారు. పదో తరగతి తప్పింది. క్యాంపస్ మొత్తం ఆమెని అక్కా అనే పిలుస్తుంది, నేను కూడా. లిఫ్టు ఎప్పుడు పాడైందో లైబ్రేరియన్లకే గుర్తులేదు. కాబట్టి మూడంతస్తులు ఎక్కడం, దిగడం ఆమె మోకాళ్లదే పని.

ఆ మోకాళ్ల కోసం అక్క ఒక ఏర్పాటు చేసుకుంది. కౌంటర్ పక్కన చక్రాల ట్రాలీ ఒకటి. ముప్పై పుస్తకాలు పడతాయి. ఎవరో అడిగితే పైనుంచి తెచ్చిన పుస్తకం, వాళ్లు చదివి ఇచ్చేశాక వెంటనే పైకి పోదు. ట్రాలీలో ఎడమ చివర పెడుతుంది. మళ్లీ ఎవరైనా అదే అడిగితే చెయ్యి చాపి ఇచ్చేయడమే. వాళ్లు తిరిగివ్వగానే మళ్లీ ఎడమ చివరికే. ఎవరూ అడగని పుస్తకాలు అలా అలా కుడివైపుకి జరుగుతూ ఉంటాయి. శనివారం సాయంత్రం కుడివైపున్నవి, వారంగా ఒక్క స్లిప్పూ రానివి, సంచిలో వేసుకుని ఒకే విడతలో పైకి మోసుకెళ్తుంది. ఎవరైనా ఒక పుస్తకం మొదటి భాగం అడిగితే రెండో భాగం కూడా అడక్కుండానే తెచ్చేస్తుంది. "ఎట్లాగో రేపు అడుగుతరు గద" అంటుంది.

ఇదంతా నేను పాతికేళ్లుగా చూస్తూనే ఉన్నాను. చూసి ఏం లాభం?

"ఏంది సార్, మొకం గట్ల పెట్టిన్రు?" అంది అక్క.

"ఏం లేదక్కా. కొత్త మిషను కొన్నాం, పని జరగట్లేదు."

"గా చెర్వుల పిల్లదేనా? నిన్న గీ మెట్ల మీదనే కూసోని ఏడ్చింది. నీళ్లిచ్చిన, తాగలే. ఏమైందిరా అంటే, నాకు ప్రోగ్రాం రాయొస్తలేదు అక్కా, సార్ అందరి ముంగట అన్నడు అన్నది." అక్క నా మొహంలోకి సూటిగా చూసింది. "గా సార్ మీరేనా?"

అబద్ధం చెప్పే వీలు లేదు. "నేనే" అన్నాను.

"మరి గంత తప్పేం రాసింది? నాకు సమజయ్యేటట్టు చెప్పున్రి."

పదో తరగతి తప్పిన మనిషికి ఏం చెప్తాం అని మనసులో అనుకున్నాను. అనుకున్నానని ఒప్పుకుంటున్నాను. అయినా ఏదో ఒకటి చెప్పి తప్పించుకుందామని మొదలెట్టాను. "ఆమె దగ్గర డెబ్బై ఆరు ఫొటోలున్నాయి అక్కా. ఊరంతటినీ ఆకాశం నుంచి తీసినవి. ఒక్కో ఫొటోలో కోట్ల చుక్కలు. ఆమె ప్రోగ్రాం మొదటి చుక్క తీసుకుని, అదే చుక్క డెబ్బై ఆరు ఫొటోల్లోనూ ఏమైందో చూస్తుంది. నీళ్లా, మట్టా, ఇల్లా అని. రాసుకుని రెండో చుక్కకి పోతుంది."

"మొదటి చుక్క చూసినంక ఫొటోలేం చేస్తది?"

"మూసేస్తుంది."

"రెండో చుక్కకి?"

"మళ్లీ తెరుస్తుంది."

"డెబ్బై ఆరూ?"

"డెబ్బై ఆరూ. అన్నీ ఒకేసారి తెరిచి పెట్టుకుందామంటే మిషను మెమరీలో పట్టవు."

అక్క నవ్వడం మొదలెట్టింది. లైబ్రరీలో గట్టిగా నవ్వకూడదు గనక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"సార్, ఒకాయన వచ్చి డెబ్బై ఆరు స్లిప్పులు ఇచ్చిండనుకో. నేను పైకి పోయి డెబ్బై ఆరు బుక్కులు తెచ్చిన. ఆయన ఒక్కొక్క బుక్కుల ఒక్కటే అక్షరం చూసి, ఇగ పైన పెట్టిరా అన్నడు. పెట్టొచ్చిన. మళ్ల అవే డెబ్బై ఆరు తెమ్మన్నడు, రెండో అక్షరం చూస్తనని. గట్లయితే చదివేటాయన ఎంత హుషారున్నా ఏం ఫాయిదా సార్? నా కాళ్లు ఎంత నడుస్తయో గంతే గద ఆయన చదువు."

నేను స్టూలు కౌంటర్ దగ్గరికి జరుపుకున్నాను.

"మరి నువ్వయితే ఏం చేస్తావక్కా?" అని అడిగాను. ఈసారి నిజంగానే తెలుసుకోవడానికి అడిగాను.

"నేనా? అయ్యా, నీ దండం పెడ్త, ఒక్క అక్షరం గాదు, ఒక్కొక్క బుక్కుల పది పేజీలు ఒక్కసారే చూసుకో అంట. డెబ్బై ఆరు బుక్కులల్ల మొదటి పది పేజీలు అయినంకనే తర్వాతి పది పేజీలు. నా తిరుగుడు తగ్గుతది, ఆయన చదువు అయితది." ట్రాలీని చేత్తో తట్టి, "ట్రాలీ పెద్దదైతే ఇంకా మంచిగుంటది. గీ లైబ్రరీల ఎవలికి చెప్పినా పెద్ద ట్రాలీ ఇస్తలేరు" అంది.

పిల్లలూ, కంప్యూటర్ చదువులో దీనికి పెద్ద పెద్ద పేర్లున్నాయి. మీరు పరీక్షల్లో రాసే ఉంటారు. నేనూ రాశాను, మంచి మార్కులే వచ్చాయి. ప్రాసెసర్ చదివే మనిషి. మెమరీ చేతికందే ట్రాలీ. డిస్కు మూడో అంతస్తు. నేను మహా చురుకైన పాఠకుణ్ణి కొని, చిన్న ట్రాలీ ఇచ్చి, ముసలి మోకాళ్లతో మెట్లెక్కమన్నాను. పైగా ఆ పిల్లని తిట్టాను. అక్క మాత్రం ఏ పుస్తకమూ చదవకుండా, రోజూ ఎక్కే మెట్లనుంచే ఇదంతా కనిపెట్టింది. ఆ రోజు నుంచి ఆమె ముందు నేను స్టూలు మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చోలేదు.

లైబ్రరీ నుంచి నేరుగా ల్యాబ్‌కి వెళ్లాను. కొత్త మిషను డబ్బాకి చెవి ఆనించి విన్నాను. లోపల డిస్కు కటకటా కొట్టుకుంటోంది. నేను మురిసిపోయిన ఆ లైటు, మెట్లెక్కుతున్న కాళ్లన్నమాట.

స్కాలరమ్మాయి మూల కుర్చీలో కూర్చుని ఉంది. నిన్న ఎంతమంది ఉన్నారో దాదాపు అంతమందీ ఉన్నారు. అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందే చెప్పాలి.

"అమ్మా, నిన్న నేనన్నది తప్పు. నీ బండి కాదు, నేను కొన్న గుర్రమే కుంటిది. నన్ను క్షమించు."

ఆ పిల్ల కంగారుపడి లేచి నిలబడింది. "అయ్యో సార్, నా ప్రోగ్రాం గూడ సక్కగ లేదేమో."

"అదీ ఉంది. అది కూడా దిద్దుదాం" అని అక్క చెప్పినదంతా చెప్పాను. చుక్క చుక్కకీ ఫొటోలు తెరవకుండా, ఫొటోని అడ్డంగా పట్టీలు పట్టీలుగా కోసుకోవాలి. డెబ్బై ఆరింటిలోనూ మొదటి పట్టీ ఒకేసారి మెమరీలోకి తెచ్చుకుని, ఆ పట్టీలో చుక్కలన్నీ తేల్చేశాకే రెండో పట్టీ. నేను వాక్యం పూర్తిచెయ్యక ముందే ఆమె కళ్లు మెరిశాయి. అప్పటికే కీబోర్డు మీద చేతులున్నాయి. ఆ ప్రోగ్రాంని రెండు రోజుల్లో తిరగరాసింది. నేను పక్కన కూర్చుని చూశాను. అంత శుభ్రంగా, ఒక్క వరస కూడా దండగ లేకుండా రాయడం నా సర్వీసు మొత్తంలో చాలా తక్కువ మంది దగ్గర చూశాను. ఎడ్లబండి అన్న నోరు నాదే.

చిన్న ముక్క మీద పెట్టి చూస్తే పని పరుగెత్తింది. కానీ పూర్తి ఫొటోలకి మా మిషను మెమరీ చాలదు, పట్టీలు మరీ సన్నగా కొయ్యాలి. పాత రకం డిస్కు ఎలాగూ ఉంది. లెక్కేస్తే ఇంకా ఆరేడు రోజులు. చేతిలో ఉన్నవి ఎనిమిది. ఆ తర్వాత రాసుకోవాలి, గైడు దిద్దాలి, బైండింగు చేయించాలి. పెద్ద ట్రాలీ కావాలి.

డిపార్ట్‌మెంట్‌లో పెద్ద ట్రాలీ ఒకటే ఉంది. ముప్పై రెండు జీబీ మెమరీ, చక్రం లేని కొత్త రకం వేగమైన డిస్కు. అది హెడ్ గారి బల్ల మీద ఉంది. హెడ్ గారి హోదాకి తగ్గట్టు ఉండాలని అంతకు ముందేడాది నేనే నోట్ రాసి కొనిపించాను.

మా హెడ్ మితభాషి. ఆయన గదిలోకి వెళ్లి రెండు నిమిషాల కన్నా ఎక్కువ ఉన్నవాడు లేడు. నవ్వగా చూశామన్నవాళ్లు క్యాంపస్‌లో ఇద్దరో ముగ్గురో ఉంటారు, వాళ్ల మాటా నమ్మకం లేదు. బుధవారం పొద్దున్నే వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

"సార్, మీ కంప్యూటర్ కొన్నాళ్లు ల్యాబ్‌కి కావాలి."

"ఎందుకు?"

చెప్పాను. స్కాలరమ్మాయి గడువు, కొత్త మిషను మెమరీ, డిస్కు, అన్నీ. లైబ్రరీ అక్క మాట కూడా చెప్పాను. దాచడమెందుకు?

"ల్యాబ్ మిషను కొనమని నోట్ రాసిందెవరు?"

"నేనే సార్."

"ఇది?" అని తన కంప్యూటర్ చూపించారు.

"అదీ నేనే."

ఆయన ఫైలు మూశారు. "దీని మీద నేనేం చేస్తానో తెలుసా?"

"సర్క్యులర్లు చూస్తారు సార్."

"చూడను. ప్రింటు తీసి తెస్తారు." లేచి, బల్ల వెనక్కి వంగి, ప్లగ్గు ఆయనే పీకారు. దుమ్ము చేతికంటితే రుమాలుతో తుడుచుకున్నారు. "మీ నోట్ మీద మీ సంతకం కింద నా సంతకం కూడా ఉందండీ. నేనూ మెమరీ ఎంతని అడగలేదు. తీసుకెళ్లండి."

ఇన్నేళ్లలో ఎన్నో ఆఫీసులు చూశాను. తప్పు నాది అని కింది మనిషి ఒప్పుకున్నాక, అందులో నాకూ వాటా ఉందన్న పైమనిషిని ఆయన్నొక్కణ్ణే చూశాను. ఆ డబ్బా నేను మోసుకొస్తుంటే తలుపు ఆయనే పట్టుకున్నారు.

పదకొండింటికి పని మొదలైంది. అక్కడ కూడా నేను నా బుద్ధి పోనిచ్చుకోలేదు. నాలుగు రెట్ల మెమరీ చేతికొచ్చేసరికి ఆశ పుట్టింది.

"పట్టీ మందంగా పెట్టమ్మా, దెబ్బకి అయిపోతుంది" అన్నాను.

"మరీ ఎక్కువైతదేమో సార్" అంది.

"పెట్టు, నేను చెప్తున్నాగా."

పెట్టింది. మొదటి నిమిషం బాగానే ఉంది. తర్వాత మౌసు కదల్లేదు. తెర మీద పని ఎంతయిందో చూపే గీత ఉన్నచోటే ఉండిపోయింది. ఆ పిల్ల రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని గీత వంకే చూస్తోంది. హెడ్ గారి మిషను కూడా పాడుచేశానా అనుకున్నాను.

అప్పుడు అక్క ట్రాలీ కళ్ల ముందు కదిలింది. ముప్పై పట్టే ట్రాలీలో అరవై పెడితే ఏమవుతుంది? సగం కింద పడతాయి. కింద పడ్డవి ఏరడానికి వంగితే పైవి పడతాయి. మెమరీ నిండిపోయాక మిషను చేసేదీ అదే. పట్టనివాటిని డిస్కులో దాచి, కావలసినప్పుడు తెచ్చుకుని, దాని చోటు కోసం ఇంకోదాన్ని దాచి, చివరికి ఆ మోతలోనే మునిగిపోతుంది. డిస్కు ఎంత కొత్తదైనా మెమరీతో పోలిస్తే అది మెట్లెక్కడమే.

"ఆపేసెయ్. ఐదో వంతు చెయ్" అన్నాను. "నా మాట విననందుకు నిన్నెవరూ ఏమీ అనరు. ఇకనుంచి వినకు."

ఆమె మొదటిసారి నవ్వింది. ఆపి, పట్టీ మందం తనే లెక్క వేసుకుంది. మెమరీలో నాలుగో వంతు ఖాళీ ఉండేలా చూసుకుని మళ్లీ మొదలెట్టింది. గీత కదిలింది. ఆగకుండా, తొందరపడకుండా, ఒకే నడకలో సాగింది. మేం క్యాంటీన్‌కి పోయి అన్నం తిని వచ్చేసరికి సగం దాటింది. నాలుగింటికి టీ వచ్చింది. టీ గ్లాసు నా చేతిలో ఉండగానే తెర మీద మ్యాపు విచ్చుకుంది. ముప్పై ఎనిమిదేళ్ల చెరువులు, నీలం రంగులో, ఏడాదికేడాదీ చిన్నవవుతూ.

నెల దాటుతుందన్న పని ఐదు గంటల్లో తేలింది. హెడ్ గారి మిషన్లో ప్రాసెసర్ నేను పొగిడినదానికన్నా పాతది.

ఆ పిల్ల గైడు దగ్గరికి పోలేదు, స్నేహితులకి ఫోను చెయ్యలేదు. చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా లైబ్రరీకి పరుగెత్తింది. మెట్ల మీద అక్కని పట్టుకుని ఈసారి కూడా ఏడ్చిందట. అక్క మర్నాడు నాతో, "మీ పిల్ల ఏడ్పుకు మా మెట్లు నానిపోతున్నయ్ సార్" అంది.

గడువుకి ఒక రోజు ముందు థీసిస్ ఇచ్చింది. కొన్ని నెలలకి వైవా అయింది. హెడ్ గారు ముందు వరసలో కూర్చున్నారు. డాక్టరేట్ ఇస్తున్నట్టు ప్రకటించగానే అందరికన్నా ముందు చప్పట్లు ఆయనవే. థీసిస్ మొదట్లో కృతజ్ఞతల పేజీలో గైడు తర్వాత అక్క పేరుంది, ఆ తర్వాత నా పేరు. ఆ వరసే సరైనది. ఆ ఏడాదే నేను రిటైరయ్యాను. పోయేముందు ల్యాబ్ మిషనుకి మెమరీ పెంచి, డిస్కు మార్పించే నోట్ రాశాను. ఈసారి ప్రాసెసర్ గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు.

బైండు చేసిన కాపీ ఒకటి లైబ్రరీకి చేరింది. రూలు ప్రకారం మూడో అంతస్తుకి పోవాలి. అక్కడికి పోయిన థీసిస్‌ల సంగతి అందరికీ తెలుసు. వాటిని బొద్దింకలే చదువుతాయి. నాకది నచ్చలేదు. అక్కతో, "దీన్ని ట్రాలీ మీదే ఉంచరాదా?" అన్నాను.

"అడిగితే ఉంటది, అడగకుంటే పోతది. రూల్ రూలే సార్. మీకొకటి, వేరేటోళ్లకొకటి చేస్తనా?" అంది.

సరే అని వారం వారం వెళ్లి స్లిప్ రాయడం మొదలెట్టాను. ప్రతి గురువారం తార్నాక నుంచి షేర్ ఆటోలో క్యాంపస్‌కి పోవడం, స్లిప్ ఇవ్వడం, ఆ చెరువుల మ్యాపులు తిరగేయడం, తిరిగిచ్చేయడం. అక్క దాన్ని ఎడమ చివర పెట్టేది. తర్వాతి గురువారానికి కుడివైపుకి జరిగి ఉండేది. నేను మళ్లీ ఎడమకి తెచ్చేవాణ్ణి. దాని వెనక కవరులో ఉన్న స్లిప్పులన్నీ నా చేతిరాతే. మా ఆవిడ, "ఆ పుస్తకం ఈపాటికి కంఠతా వచ్చి ఉండాలే" అనేది. వచ్చింది కూడా.

నిరుడు నా మోకాలికి ఆపరేషన్ అయింది. ఏడు వారాలు ఇల్లు కదల్లేదు. మంచం మీద పడుకుని నేను బెంగపెట్టుకున్నది మోకాలి గురించి కాదు. ఈ శనివారం పైకి పోయి ఉంటుంది అనుకునేవాణ్ణి. అక్కకి ఫోను చేద్దామనుకుని, ఆమె ఏమంటుందో తెలుసు గనక ఊరుకున్నాను.

కర్ర పట్టుకుని మొదట వెళ్లింది అక్కడికే. ముందు ట్రాలీ కుడి చివర వెతికాను. లేదు. మధ్యలో చూశాను, లేదు. అయిపోయింది అనుకున్నాను. ఇప్పుడు స్లిప్ రాస్తే అక్క మూడంతస్తులు ఎక్కాలి. నా మోకాలికి తెలిసొచ్చింది కదా ఆ బాధ. రాయకుండా వెనక్కి తిరిగాను.

"ఎటు సార్? స్లిప్ రాయరా?" అంది అక్క.

"వద్దులే అక్కా. పైకి ఎక్కడం నీకెందుకు?"

ఆమె కుర్చీలోంచి లేవనైనా లేవలేదు. ట్రాలీ ఎడమ చివరికి చెయ్యి చాపి, అన్నిటికన్నా మొదట ఉన్న పుస్తకం తీసి కౌంటర్ మీద పెట్టింది. అదే. వెనక కవరు ఉబ్బి ఉంది. స్లిప్పులు బయటికి తీశాను. నా చేతిరాత కింద ఎవరెవరివో కొత్త చేతిరాతలు. ఒకటి ఆ రోజు పొద్దుటిదే.

"రూలు తప్పలేదు కదా?" అన్నాను.

"నేనెందుకు తప్పుత? పోరగాండ్లు ఊకె అడుగుతున్రు. ఇగ మీరు రాకున్నా నడుస్తది సార్" అంది అక్క.

అయినా గురువారం గురువారం వెళ్తూనే ఉన్నాను. కొన్ని గురువారాలు అది నాకు దొరకదు. రీడింగ్ హాల్లో ఎవరో ఒకరు చదువుతూ ఉంటారు.